ఉద్యోగం మారి టీచర్లయ్యేవారికి బ్లెండెడ్ శిక్షణ: ఏది ఆన్‌లైన్‌లో, ఏది ఎదురుగా, ఏది బడిలో

బ్లెండెడ్ కోర్సు పెడదామనుకోగానే చాలా సంస్థలు చేసే మొదటి పని, పాత సిలబస్ తీసుకుని సగం పాఠాలను వీడియోలు చేయించడం. మిగతా సగానికి వారాంతపు తరగతులు వేస్తారు. ఆన్‌లైన్ భాగం ఒకరికి, తరగతి భాగం ఇంకొకరికి అప్పగిస్తారు. రెండు నెలలు తిరిగేసరికి అది ఒకటిన్నర కోర్సయి కూర్చుంటుంది. వీడియోలో చెప్పిందే తరగతిలో మళ్లీ చెబుతుంటారు, చేయాల్సిన పని మాత్రం పెరిగిపోతుంది. పగలంతా ఉద్యోగం చేసి రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ తెరిచే మనిషి ఈ బరువు మోయలేడు.

కాబట్టి సిలబస్‌ను కాసేపు పక్కన పెట్టి బడి వైపు నుంచి మొదలుపెట్టండి. శిక్షణ పూర్తయిన మనిషి మొదటి నెలలో తరగతిలో ఏమేం చేయగలగాలో పదిహేను ఇరవై పనులుగా రాసుకోండి. "తరగతి నిర్వహణపై అవగాహన" అని రాస్తే ఎందుకూ కొరగాదు. "35 మంది లోపలికొచ్చిన మూడు నిమిషాల్లో అందరి చేతా పుస్తకాలు తీయించి పని మొదలుపెట్టించడం" అని రాస్తే దాన్ని చూపించొచ్చు, చేయించొచ్చు, సరిగా వచ్చిందో లేదో చూడొచ్చు. "తప్పు జవాబు వస్తే ఆ తప్పు వెనక ఉన్న ఆలోచనను పిల్లల నోటే చెప్పించడం", "40 నిమిషాల పాఠానికి ఒక పేజీ ప్రణాళికను అరగంటలో రాయడం", "పిల్లవాడు వెనకబడుతున్నాడన్న సంగతి తల్లిదండ్రులకు నొప్పించకుండా, దాచకుండా చెప్పడం" ఈ కోవలోవే. ఒక్కో పనికి ఎదురుగా మూడు గళ్లు గీయండి: చూడడం ఎక్కడ, తోటివాళ్ల మధ్య చేసి చూడడం ఎక్కడ, అసలు పిల్లల ముందు చేయడం ఎక్కడ. మొదటి గడిలో ఎక్కువగా ఆన్‌లైన్ వస్తుంది, రెండోదానిలో శిక్షణ తరగతి, మూడోదానిలో బడి. కోర్సుకు ఈ పట్టికే వెన్నెముక.

దీంతోపాటు లైసెన్సు ఇచ్చే నియంత్రణ సంస్థ నిబంధనలు కూడా ముందే చదవాలి. పర్యవేక్షణలో బోధించాల్సిన కనీస గంటలెన్ని, ఆన్‌లైన్ గంటలను లెక్కలోకి తీసుకుంటారా, వీడియో ద్వారా చేసిన పరిశీలన చెల్లుతుందా అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెచ్చుకున్నాకే క్యాలెండర్ వేయండి. ఈ మూడింట్లో ఏది తేడా వచ్చినా ప్రణాళికంతా మళ్లీ రాసుకోవాల్సిందే.

వచ్చేవాళ్ల చేతిలో ఏముంది, ఏం లేదు

ఇంజనీరు, అకౌంటెంటు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, సైన్యంలో పనిచేసి వచ్చినవారు. వీళ్లకు గడువు అంటే గడువే. నలుగురిలో మాట్లాడగలరు, విషయం తెలుసు, ఆ విషయం బయట ఎక్కడ పనికొస్తుందో కూడా తెలుసు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఏళ్ల తరబడి వాడిన విషయంలో మెట్లు కనపడడం మానేస్తాయి. నాలుగు మెట్ల లెక్కను ఒక్క అంగలో దాటేసి, "ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది?" అని నిజాయితీగానే ఆశ్చర్యపోతారు.

రెండోది, బోధన అంటే ఏమిటో తమకు తెలుసన్న నమ్మకం. స్కూలు చదువు ముగిసేసరికి ఒక విద్యార్థి సుమారు 13,000 గంటలు టీచర్ల ఎదుట గడుపుతాడని సామాజిక శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో అంచనా కట్టాడు. ఆ గంటలన్నీ బెంచీ మీద నుంచి చూసినవి. ఆ టీచరు ముందు రోజు రాత్రి ఏం రాసుకుంది, ఏ ప్రశ్నను ఎందుకు వదిలేసింది అన్నది బెంచీ మీదికి కనపడదు. పైగా వీళ్లు చూసింది రెండు మూడు దశాబ్దాల నాటి బడి. అందుకే మొదటి రెండు వారాల ఆన్‌లైన్ పని సిద్ధాంతాలతో నింపకుండా, తరగతి గది వీడియో ముక్కలు చూసి టీచరు తీసుకున్న నిర్ణయాలను పట్టుకోవడానికి కేటాయించండి.

పాత చదువుకు, అనుభవానికి మినహాయింపులు అడుగుతారు. అడగడం న్యాయమే. అయితే సర్టిఫికెట్ చూసి ఇవ్వొద్దు, పని చూసి ఇవ్వండి. పిల్లల నోటు పుస్తకాల్లోంచి ఐదు తప్పు జవాబులిచ్చి, ఒక్కోదాని వెనక ఏ అపోహ ఉందో, తర్వాత ఏ ప్రశ్న అడుగుతారో రాయమనండి. నాలుగు సరిగ్గా పట్టుకున్నవారికి విషయ మాడ్యూళ్లు మినహాయించండి. రిహార్సల్స్ నుంచి, అంటే తోటివాళ్ల మధ్య పాఠం చెప్పి చూడడం నుంచి, బడిలో అభ్యాసం నుంచి ఎవరికీ మినహాయింపు లేదు. దీన్ని ప్రవేశ ప్రకటనలోనే రాయాలి, లేకపోతే పదేళ్లు కార్పొరేట్ శిక్షణ ఇచ్చిన వ్యక్తితో ఆరో వారంలో వాదన తప్పదు.

గంటల లెక్క

ఉద్యోగం, ఇల్లు ఉన్న మనిషి వారానికి నిజంగా ఇవ్వగలిగింది పది గంటలు. దరఖాస్తులో పదిహేను అని రాసినా మీరు పదే అనుకోండి. అసలు ముడి ఇంకోచోట ఉంది: బడి నడిచే వేళలూ ఉద్యోగం చేసే వేళలూ ఒకటే. సాయంత్రం కోర్సు ఎంత బాగా నడిపినా సాయంత్రం పూట పిల్లలు దొరకరు. ఈ ముడి విప్పకుండా వేసిన కోర్సుల్లో బోధన అభ్యాసమంతా చివరి నెలకు పోగుపడుతుంది. ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చిన మనిషికి, పిల్లల మధ్య తను ఉండలేనని అప్పుడు తెలుస్తుంది. ఇంతకంటే అన్యాయం ఉండదు.

అందుకే మూడు దశలు.

మొదటి దశ 16 వారాలు, ఉద్యోగం చేస్తూనే. వారానికి పది గంటలు ఇలా: సొంతంగా ఆన్‌లైన్‌లో 4, సాయంత్రం లైవ్ సెషన్ 1, ముఖాముఖి తరగతి 3, పాఠ్య ప్రణాళికలు, రాత పని 2. వీటికి అదనంగా సెలవు పెట్టి బడిలో గడిపే ఐదు పూర్తి రోజులు. అందులో మొదటిది మూడో వారం దాటకూడదు. మొదటి రోజు చూడడం, రెండో రోజు ఒక చిన్న గుంపుతో పనిచేయడం, మూడో రోజు పదిహేను నిమిషాల పాఠం, నాలుగు, ఐదు రోజుల్లో పూర్తి పీరియడ్. పదహారో వారం చివర ఒక గడప ఉండాలి. శిక్షకుడు, బడి మెంటర్ (అభ్యర్థికి దారి చూపే ఆ బడి టీచరు), అభ్యర్థి ముగ్గురూ కూర్చుని ముందుకు వెళ్లాలా వద్దా తేల్చుకోవాలి. ఇక్కడ ఆగిపోయినవారికి మిగతా ఫీజు వెనక్కివ్వండి. ఇవ్వకపోతే డబ్బు పోతుందని లాక్కొస్తారు.

రెండో దశ 14 వారాలు. వారానికి నాలుగు రోజులు బడి, ఒక రోజు శిక్షణ కేంద్రం, ఆన్‌లైన్ పని రెండు గంటలు మించకూడదు. ఆన్‌లైన్ మాడ్యూళ్లు ఇంకా మిగిలాయని ఇక్కడికి తోస్తే అవి ఎవరూ చదవరు.

మూడో దశ, టీచరుగా చేరిన మొదటి సంవత్సరం. పదిహేను రోజులకోసారి గంట ఆన్‌లైన్ సమావేశం చాలు. బడ్జెట్‌లో మొదట కోత పడేది దీనికే. కానీ తోటివాళ్ల బడుల్లోనూ అదే గొడవ జరుగుతోందని తెలియడమే చాలామందిని ఉద్యోగంలో నిలబెడుతుంది.

ఒక వారం ఎలా నడవాలి

తరగతి శనివారం అనుకుందాం. ఆదివారం ఉదయం మాడ్యూల్ తెరుచుకుంటుంది. గురువారం రాత్రికి పని అప్పగించాలి. శుక్రవారం శిక్షకుడు అవన్నీ చదువుతాడు. శనివారం తరగతి వాళ్లు రాసినవాటిలోంచే మొదలవుతుంది. ఈ గొలుసులో శుక్రవారం లింకు ఊడిందంటే కోర్సంతా ఊడినట్టే. 24 మంది పని ఒక్కొక్కటి నాలుగు నిమిషాల చొప్పున చదవడానికి 96 నిమిషాలు పడుతుంది. ఆ సమయాన్ని శిక్షకుడి జీతం లెక్కలో చూపించండి, లేకపోతే శనివారం ఉదయం బస్సులో చదువుతాడు.

మాడ్యూల్ లోపల వివరణ వీడియో ఆరు నిమిషాలు దాటనివ్వొద్దు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల వీడియో వీక్షణలపై 2014లో వచ్చిన విశ్లేషణలో, వీడియో ఎంత పొడుగున్నా సగం వీక్షణలు ఆరు నిమిషాల లోపే ముగిశాయని తేలింది. తరగతి గది క్లిప్పులైతే మూడు నాలుగు నిమిషాలు చాలు. క్లిప్పుకు ముందే ప్రశ్న ఇవ్వండి: "ఈ టీచరు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగింది? ఎవరిని పిలిచింది? మీరైతే ఎవరిని పిలిచేవారు?" ప్రశ్న లేకుండా క్లిప్ పెడితే "చాలా బాగా బోధించారు" అన్న ఒకే వాక్యం పాతికసార్లు వస్తుంది. జవాబు 150 మాటల్లో రాయమనడం కంటే రెండు నిమిషాల ఆడియోగా చెప్పమనడం మేలు. ప్రయాణంలో ఫోన్ మీదే అయిపోతుంది, మనిషి ఆలోచన కూడా సూటిగా వినపడుతుంది. వీడియోలు డౌన్‌లోడ్ చేసుకునేలా ఉండాలి. 480పీ నాణ్యతలో ఆరు నిమిషాల వీడియో 45 ఎంబీ లోపు సర్దుకుంటుంది, బోర్డు మీద రాత కనిపించడానికి అది చాలు.

"ఒక పోస్టు పెట్టి ఇద్దరికి జవాబివ్వండి" తరహా చర్చా వేదికను ఎత్తేయండి. దాని బదులు ముగ్గురేసి చొప్పున స్థిరమైన జట్లు కట్టి, ఒకరి పాఠ్య ప్రణాళికను మిగతా ఇద్దరూ చూడాలనండి. ఒక్క ప్రశ్నకే జవాబు: "ఇందులో పిల్లలు ఎక్కడ తప్పిపోతారు?"

బాలల రక్షణ, చట్టం, రికార్డుల నిర్వహణ వంటివి పూర్తిగా ఆన్‌లైన్‌లో పెట్టి చిన్న పరీక్షతో ముగించొచ్చు. ఒక్క మినహాయింపు: ఒక బిడ్డ వచ్చి ఇంట్లో జరుగుతున్నది చెబితే ఏం మాట్లాడాలి, ఏ మాట ఇవ్వకూడదు అన్నది ఎదురెదురుగా కూర్చుని చేసి చూడాల్సిందే.

శనివారం మూడు గంటలు

గురువారం వచ్చిన జవాబుల్లోని తప్పులతో 20 నిమిషాలు. శిక్షకుడు ఒక నైపుణ్యాన్ని చేసి చూపి, దాన్ని ముక్కలుగా విప్పి చెప్పడానికి 20. రిహార్సల్ 70. విరామం 15. బడిలో చేయబోయే పాఠానికి ప్రణాళిక 40. చివర్లో ఎవరికి వారు రాసుకునే నోటు 15. మొత్తం 180. కోత పెట్టక తప్పకపోతే ఎక్కడైనా పెట్టండి, రిహార్సల్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఈ రిహార్సల్ పద్ధతి కొత్తదేమీ కాదు. 1960లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్ బృందం రూపొందించిన సూక్ష్మ బోధనే దీనికి మూలం: చిన్న పాఠం చెప్పడం, విమర్శ వినడం, అదే పాఠం మళ్లీ చెప్పడం. కోర్సుల్లో సాధారణంగా ఎగిరిపోయేది ఈ మూడోదే. "ఈసారి గుర్తుంచుకుంటాను" అని కూర్చుండిపోయిన మనిషి బడిలో మళ్లీ పాత పద్ధతికే పోతాడు. నలుగురి గుంపులో ఒక్కొక్కరికి పాఠం 6 నిమిషాలు, ఫీడ్‌బ్యాక్ 4, మళ్లీ పాఠం 5, సర్దుకోవడానికి 2. నలుగురికీ 68 నిమిషాలు. రెండు గుంపులకు ఒక శిక్షకుడు ఉండాలి, మూడు గుంపులిస్తే పరుగెత్తడమే సరిపోతుంది.

పిల్లల వేషం వేసే ముగ్గురికీ కార్డులివ్వండి. కార్డు లేకపోతే పెద్దవాళ్లు అతి తెలివి జవాబులైనా చెబుతారు, లేదా అల్లరి నటించి నవ్విస్తారు. కార్డు మీద ఇలా ఉంటుంది: "1/2 + 1/3 ఎంత అంటే 2/5 అని చెప్పండి. ఎందుకని అడిగితే, పైవి పైవి కలిపాను, కిందివి కిందివి కలిపాను అనండి. అడగకపోతే చెప్పొద్దు."

పాఠం చెప్పే మాజీ ఇంజనీరు 2/5 వినగానే, "కాదు, క.సా.గు. ఆరు. మూడు ప్లస్ రెండు ఐదు, కాబట్టి ఐదు బై ఆరు" అని పది సెకన్లలో బోర్డు మీద రాసేస్తాడు. అంతా కరెక్టే. కార్డులోని రెండో వాక్యం మాత్రం కార్డులోనే మిగిలిపోతుంది. ఫీడ్‌బ్యాక్‌లో శిక్షకుడు అడగాల్సింది ఒక్కటే: "ఆ 2/5 ఎలా వచ్చిందో మీకు తెలుసా?" రెండోసారి చెప్పేటప్పుడు అతను ముందు "ఎలా చేశావు?" అంటాడు. తర్వాత "సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే పెరగాలా, తగ్గాలా? మరి 2/5 సగం కంటే ఎక్కువా?" అని అడిగి ఆగుతాడు. ఆ ఆగడాన్ని కూడా లెక్కపెట్టించండి. టీచర్లు ప్రశ్న అడిగాక సాధారణంగా ఒక సెకను మించి ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవూ నాణ్యతా పెరుగుతాయని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపింది. గడియారం చూస్తూ ఆగమంటే పెద్ద మేనేజర్లకు కూడా ఆ మూడు సెకన్లు యుగంలా ఉంటాయి.

ఒక్కో విడతకు ఒక్క లోపమే చెప్పండి. గొంతు, బోర్డు రాత, ప్రశ్నలు, నిలబడే చోటు అన్నీ కలిపి చెబితే రెండోసారి చెప్పే పాఠంలో ఏదీ మారదు.

మాడ్యూల్ చేయకుండా వచ్చినవారి కోసం తరగతిలో వీడియో సారాంశం చెప్పొద్దు. ఒక్కసారి చెప్పారంటే, మూడో వారానికల్లా ఎవరూ చేయరు. వాళ్లను మొదటి 20 నిమిషాలు పక్క గదిలో కూర్చోబెట్టి మాడ్యూల్ చేయించండి. ఆ వారం వాళ్లకు పిల్లల వేషమే, పాఠం చెప్పే వంతు లేదు. గట్టి మందలింపు కంటే ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది ఆ వంతే.

బడిలో మెంటర్

ఒక మెంటర్‌కు ఇద్దరు అభ్యర్థుల కంటే ఎక్కువ ఇవ్వొద్దు. వారానికి రెండు పీరియడ్లు మెంటర్‌కు తగ్గించేలా బడితో ఒప్పందం రాసుకోండి. "ఖాళీ దొరికినప్పుడు చూస్తారు" అన్న ఏర్పాటులో ఖాళీ ఎప్పుడూ దొరకదు. మంచి టీచరైనంత మాత్రాన మంచి మెంటర్ కారు, వాళ్లకూ ఒక రోజు శిక్షణ కావాలి. పరిశీలన ఎలా రాయాలి, పాఠం మధ్యలో చొరబడకుండా ఎలా ఉండాలి, ఒక్క అంశం మీద పది నిమిషాలు ఎలా మాట్లాడాలి అన్నవి అందులో నేర్పాలి. పరిశీలన జరిగిన 24 గంటల్లో ఆ మాట జరిగిపోవాలి.

అభ్యర్థుల నోట ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, శిక్షణ కేంద్రం ఒకటి చెబితే బడి ఇంకోటి చెబుతుందని. దీనికి మందు ఒక పేజీ ఉమ్మడి షీట్. ఈ పదిహేను రోజుల్లో చూసే అంశం ఏమిటి, మెంటర్ ఏం చూశారు, శిక్షకుడు ఏమంటారు, తర్వాతి పాఠంలో ఏం మార్చాలి: నాలుగే గళ్లు. ముగ్గురూ పదిహేను రోజులకోసారి అరగంట ఆన్‌లైన్‌లో కలిసి ఆ పేజీ మీదే మాట్లాడాలి. ప్రయాణం లేని ఈ అరగంటే బ్లెండెడ్ పద్ధతిలో అన్నిటికంటే లాభసాటి భాగం.

పాఠాల రికార్డింగులతో జాగ్రత్త. తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి ముందే తీసుకోండి. కెమెరా తరగతి వెనక నుంచి టీచరు వైపు ఉండాలి, సమ్మతి లేని పిల్లలు ఫ్రేములో పడకుండా సీట్లు సర్దాలి. ఫైలు ఎప్పుడు తుడిచేస్తారో సమ్మతి పత్రంలోనే తేదీతో రాయండి. మెసేజింగ్ గ్రూపుల్లో పంపడం నిషేధం. చిత్రం కంటే శబ్దం ముఖ్యం, కాలర్ మైకు లేకపోతే వెనక బెంచీ గుసగుసలే రికార్డవుతాయి. మొత్తం పీరియడ్ అడగొద్దు. అభ్యర్థి తనే ఎంచుకున్న ఐదు నిమిషాలు, ఎందుకు ఎంచుకున్నాడో రెండు వాక్యాలు చాలు.

మదింపు

పాఠ్య ప్రణాళికలకు మార్కులు వేసే రోజులు పోయాయి. ఏఐ టూల్ అరనిమిషంలో చక్కటి ప్రణాళిక రాసిస్తుంది. నిషేధించి లాభం లేదు. ప్రణాళికతో పాటు ఆ పాఠం తర్వాత ముగ్గురు పిల్లలు రాసిన పని, బాగా రాసినది, మధ్యరకంది, వెనకబడినది, పేర్లు తీసేసి తెమ్మనండి. "ఈ మూడోవాడికి రేపు ఏం చేస్తారు?" అన్న ప్రశ్న మీద ఐదు నిమిషాలు మాట్లాడించండి. అసలు విషయం అక్కడ బయటపడుతుంది. ఇలాంటి పనులు కోర్సు మొత్తానికి ఐదు చాలు.

ఎప్పుడు జారిపోతారు

ఐదు, ఆరు వారాల దగ్గర మొదటి జారుడు ఉంటుంది. కొత్తదనం తీరి, ఆఫీసు పని పేరుకుపోయే సమయం అది. ఆరో వారంలో కొత్త మాడ్యూల్ పెట్టకండి, మిగిలిన పనులు పూర్తి చేసుకోనివ్వండి. గురువారం గడువు వరుసగా రెండుసార్లు తప్పినవారికి కోఆర్డినేటర్ ఫోన్ చేయాలి. ఈమెయిల్ వద్దు, జారిపోతున్నవారు దాన్ని తెరవరు.

రెండో జారుడు రెండో దశ మూడు, నాలుగు వారాల్లో వస్తుంది. నిన్నటిదాకా తన కింద పాతిక మంది పనిచేసిన వ్యక్తి మాటను ఏడో తరగతి పిల్లలు వినరు. దెబ్బ తగిలేది నైపుణ్యానికంటే ముందు మర్యాదకు. ఆ వారాల కేంద్రం రోజులో కొత్త పాఠమేమీ పెట్టకుండా, తరగతి మొదటి ఐదు నిమిషాలను మాత్రమే మళ్లీ మళ్లీ రిహార్సల్ చేయించండి. తోటి అభ్యర్థుల ఎదుట బాధ చెప్పుకోవడానికి అరగంట విడిగా ఇవ్వండి, మెంటర్లు లేకుండా.

మొదటి బ్యాచ్‌కు

12 మందితో మొదలుపెట్టండి. 30 వారాల మాడ్యూళ్లూ ముందే స్టూడియోలో తీయించకండి. మొదటి నాలుగు వారాలవి పూర్తిగా, మిగతావి ఒక పేజీ రూపురేఖలుగా ఉంటే చాలు. తర్వాతివి మూడు వారాల ముందు తయారవుతూ రావాలి, ఎందుకంటే ఏడో వారంలో ఏం కావాలో నాలుగో వారం తప్పులు చెబుతాయి. వీడియోల ఖర్చులో మిగిలిన సొమ్మును మెంటర్ల పీరియడ్లు కొనడానికి వాడండి. రెండో బ్యాచ్‌కు వెళ్లే ముందు మొదట రాసుకున్న ఇరవై పనుల పట్టిక తీసి, ఏ పని మూడో గడిలో, అంటే అసలు పిల్లల ముందు, ఎంతమంది ఎన్నిసార్లు చేశారో అంకెలు వేయండి. సున్నా పడిన పని ఉంటే దానికి బడిలో చోటు వెతకండి, లేదా పట్టికలోంచి కొట్టేయండి.